గట్టు దాటని చదువు

1986లో ఇండోనేషియాలోని జావా దీవిలో వరి పొలాలు గుండ్రటి మచ్చలుగా ఎండిపోయాయి. గోదావరి, కృష్ణా డెల్టాల రైతు అలాంటి మచ్చను గట్టు మీద నుంచి చూసే చెప్పేస్తాడు, సుడిదోమ అని. దుబ్బు మొదట్లో గుంపులుగా చేరి రసం పీల్చేసే ఆ చిన్న గోధుమరంగు పురుగు, బియ్యంలో స్వయంసమృద్ధి సాధించామని రెండేళ్ల ముందే ప్రకటించుకున్న దేశాన్ని మళ్లీ దిగుమతుల భయంలోకి నెట్టింది. మందులకు కొరత లేదు. ధరలో సింహభాగం ప్రభుత్వమే భరిస్తూ రైతుల చేత విరివిగా కొట్టించింది. విచిత్రమేమిటంటే, ఎక్కువగా మందు కొట్టిన చోటే దోమ ఎక్కువగా విరుచుకుపడింది.

ఎందుకలా జరిగిందో అప్పటికే ఫిలిప్పీన్స్‌లో తేలింది. 1970ల చివర్లో అక్కడి వరి పొలాల్లో పీటర్ కెన్మోర్ అనే కీటక శాస్త్రవేత్త దోమనూ దాన్ని తినే జీవులనూ పక్కపక్కన పెట్టి లెక్కించాడు. సుడిదోమ తన గుడ్లను ఆకు తొడుగు కణజాలం లోపల పెడుతుంది. పైన కొట్టిన మందు చాలావరకు అక్కడికి చేరదు. పైన తిరిగే పెద్ద దోమలు చస్తాయి, వాటితో పాటు దుబ్బు మొదట్లో వేటాడే సాలీళ్లు, గుడ్లలోని రసం పీల్చే మిరిడ్ నల్లులు కూడా చస్తాయి. వారం పది రోజుల్లో ఆ గుడ్లు పొదిగి పిల్లలు బయటికి వచ్చేసరికి వాటిని తినే జీవి పొలంలో ఉండదు. సాలీడు సంతతి కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది, దోమ మాత్రం నెల తిరక్కుండానే మరో తరానికి వచ్చేస్తుంది.

జావా పొలాల్లో తర్వాత జరిగిన పరిశోధన దీనికి ఇంకో కొస జోడించింది. నాటు వేసిన తొలి వారాల్లో, దోమ ఇంకా రాకముందే, పొలంలో సాలీళ్లు ఉంటాయి. అవి అప్పుడు ఏం తిని బతుకుతాయి? నిలిచిన నీటిలో కుళ్లే సేంద్రియ పదార్థం మీద పెరిగే చిన్న ఈగలు, తుళ్లు పురుగుల లాంటివి వాటికి ఆహారం. అంటే పంటకు ఏ హానీ చేయని పురుగులే కాపలాదారులను ముందుగా పోషించి సిద్ధంగా ఉంచుతాయి. తొలి నలభై రోజుల్లో, 'ముందుజాగ్రత్త' అనుకుంటూ కొట్టే మందు ఈ వంటిల్లునే తగలబెడుతుంది.

1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించాడు. 1989 నాటికి మందులపై సబ్సిడీ పూర్తిగా తీసేశారు. చట్టంతో చేయగలిగింది అంతవరకే. మిగిలిన ప్రశ్న చదువుకు సంబంధించినది. పొలంలో ఏ పురుగు ఎవరిని తింటోందో లక్షల మంది రైతులకు ఎలా తెలియాలి?

ఇక్కడే అనుభవం గురించి మనం తేలిగ్గా అనేసే మాటలు నిలబడవు. 'రైతుకు అనుభవమే గురువు' అంటాం. కానీ ఆ రైతు అనుభవం ఏం చెప్పింది? సాయంత్రం మందు కొట్టాడు. తెల్లారి నీటి మీద దోమలు తేలుతూ కనిపించాయి. మందు పనిచేసింది, కళ్లతో చూశాడు. మూడు వారాల తర్వాత దోమ మళ్లీ వస్తే, అది ఆ మందు వల్లే వచ్చిందని తోచే అవకాశమే లేదు, ఎందుకంటే మధ్యలో మూడు వారాలున్నాయి, చచ్చిన సాలీడును ఎవరూ లెక్కపెట్టలేదు, మందు కొట్టని మడి పక్కన లేదు. అతను తెలివితక్కువవాడు కాదు. అతని అనుభవం నిజమే, అది నేర్పిన పాఠం మాత్రం తప్పు.

అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ 1938లో రాసిన 'ఎక్స్‌పీరియన్స్ అండ్ ఎడ్యుకేషన్' అనే చిన్న పుస్తకంలో ఈ మాటే ఉంది. విద్య అనుభవం నుంచే పుడుతుందని జీవితమంతా వాదించిన మనిషి, ప్రతి అనుభవమూ విద్య కాదని, కొన్ని అనుభవాలు ఇక ముందుకు నేర్చుకోకుండా అడ్డుపడతాయని అందులో హెచ్చరించాడు. మన దగ్గర అనుభవ విద్య పేరుతో నడిచే శిక్షణల్లో చాలావరకు ఆయన మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేశాయి. పిల్లలను బయటికి తీసుకెళ్తే చాలు, చేత్తో ఏదైనా చేయిస్తే చాలు, నేర్చుకున్నట్టే అనుకుంటాం. చేయడం ఒక్కటే సరిపోతే మందు కొట్టే రైతును మించిన పురుగుల పండితుడు ఉండకూడదు.

1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో మధ్య జావాలో మొదలైన రైతు క్షేత్ర పాఠశాలలు ఈ చిక్కుముడిని విప్పిన తీరు నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. అవే తర్వాత ఆసియా అంతా వ్యాపించాయి. మన దేశంలో 1990ల మధ్య నుంచి నడుస్తున్నాయి. తెలుగు నాట వాటికి పొలంబడి అనే చక్కటి పేరు వచ్చింది.

దాని అమరిక ఇలా ఉంటుంది. పాతిక మంది రైతులు. వారానికి ఒక పూట. నాటు నుంచి కోత దాకా పంటకాలమంతా. రెండు మళ్లు పక్కపక్కన ఉంటాయి. ఒకదానిలో ఊళ్లో అందరూ చేసినట్టే చేస్తారు, రెండోదానిలో ముందు చూసి, లెక్కించి, అప్పుడు నిర్ణయిస్తారు. రైతుకు తన పొలంలో ఎన్నడూ దొరకని పోలిక ఇది. ఎండ అదే, వాన అదే, విత్తనం అదే, తేడా ఒక్క నిర్ణయంలోనే.

ఉదయాన్నే నలుగురైదుగురు చొప్పున జట్లుగా మడిలోకి దిగుతారు. కొన్ని దుబ్బులను ఎంచుకుని, ఒక్కోదానిలో పిలకలెన్ని, ఆకులు ఏ రంగులో ఉన్నాయి, ఎన్ని దోమలు, ఎన్ని సాలీళ్లు, ఎన్ని అక్షింతల పురుగులు అని రాసుకుంటారు. గట్టు మీదికి వచ్చి పెద్ద కాగితం పరుస్తారు. మధ్యలో ఈ వారం వరి మొక్క ఎంత ఎత్తుందో అలా గీస్తారు. ఒక పక్క పంటను తినేవి, మరో పక్క వాటిని తినేవి, పక్కనే వాటి సంఖ్యలు. పైన ఎండో మబ్బో, కింద నీటి మట్టం. ఇదే పంట ఆవరణ విశ్లేషణ. చదువు రానివారు కూడా గీయగలరు. ఆపైన జట్టులో ఒకరు లేచి, ఈ వారం ఏం చేయాలో ఎందుకు చేయాలో మిగతావారి ముందు చెప్పి, వాళ్ల ప్రశ్నలకు జవాబిస్తారు. వచ్చే వారం అదే మడిలోకి దిగినప్పుడు ఆ నిర్ణయం ఏమైందో తెలుస్తుంది.

ఈ బడిలో అన్నిటికంటే కష్టమైన పని నడిపేవారిది. రైతు ఒక పురుగును సీసాలో పట్టుకొచ్చి అడుగుతాడు. జవాబు నోటి చివర ఉంటుంది, కానీ చెప్పకూడదు. ఆ సంభాషణ ఇలా సాగుతుంది:

"ఇదేం పురుగమ్మా?"

"ఎక్కడ దొరికింది పెదనాన్నా?"

"దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన."

"అక్కడేం చేస్తోంది?"

"పరిగెడుతోంది. నోట్లో ఏదో ఉన్నట్టుంది."

"అయితే ఏం తింటుందో చూద్దామా?"

చూడడానికి ఖర్చేమీ అక్కర్లేదు. కుండీలో ఒక వరి దుబ్బు, దాని చుట్టూ పలచని తెర, లోపల లెక్కపెట్టి వదిలిన దోమలు, ఒక సాలీడు. దీన్ని పురుగుల జూ అంటారు. మర్నాడు దోమలను మళ్లీ లెక్కిస్తే చాలు. వరి పొలాల్లో తిరిగే తోడేలు సాలీడు రోజుకు ఐదు నుంచి పదిహేను పురుగుల దాకా తింటుంది. ఈ సంఖ్యను కరపత్రంలో చదివిన రైతుకూ, తాను వదిలిన పన్నెండు దోమల్లో మిగిలినవాటిని తానే లెక్కపెట్టుకున్న రైతుకూ తేడా ఉంటుంది. రెండోవాడు మందు డబ్బా మూత తీసేముందు పొలంలో సాలీళ్లున్నాయేమో వెతుకుతాడు.

కత్తెర ప్రయోగం నాకు ఇంకా నచ్చుతుంది. ఆకు తినే పురుగు కనిపిస్తే రైతు గుండె జారుతుంది. ఆకులో చిల్లి అంటే ధాన్యంలో నష్టమని లెక్క. అందుకే కొన్ని దుబ్బుల ఆకులను రైతులే కత్తిరిస్తారు, కొన్నిటిలో పావు వంతు, కొన్నిటిలో సగం, అదీ పంట వేర్వేరు వయసుల్లో. కోతనాడు ఆ దుబ్బుల గింజలను విడిగా తూస్తారు. లేత వయసులో పోయిన ఆకును వరి చాలావరకు మళ్లీ పూడ్చుకుంటుందని, పొట్ట దశ దాటాక పోతేనే దెబ్బ తగులుతుందని తక్కెడ చెబుతుంది. పురుగు చేసే నష్టాన్ని తన చేత్తో తానే చేసి, అది నష్టం కాదని కళ్లారా చూసిన మనిషికి ఆ పురుగంటే భయం పోతుంది.

పరీక్ష కూడా పొలంలోనే పెడతారు. ఒక కర్ర పాతి, అక్కడున్న నిజమైన పురుగుకో, తెల్లకంకికో దారం కట్టి, 'ఇది ఏం చేస్తుంది?' అని మూడు జవాబులిచ్చి, మూడు పెట్టెలు పెడతారు. రైతు తన చీటీని ఒక పెట్టెలో వేస్తాడు. పంటకాలం మొదట్లో ఒకసారి, చివర్లో మరోసారి.

1984లో డేవిడ్ కోల్బ్ అనుభవ విద్య మీద రాసిన పుస్తకంలో ఒక చక్రం ఉంది. ఒక అనుభవం, దాన్ని నిలబడి పరిశీలించడం, దాని నుంచి ఒక సూత్రం కట్టుకోవడం, ఆ సూత్రాన్ని మళ్లీ పరీక్షించడం. శిక్షణా తరగతుల్లో ఈ చక్రం బొమ్మ చూపించని చోటు లేదు. పొలంబడిలో వారానికొకసారి జరిగేది అదే. అయితే కోల్బ్ తన చక్రం మీదే కట్టిన 'నేర్చుకునే శైలులు' అనే భావన అంతగా నిలబడలేదు. ఒక్కొక్కరి శైలిని బట్టి బోధిస్తే ఫలితం మెరుగవుతుందని చెప్పడానికి తగిన ఆధారం లేదని 2008లో మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశోధనలన్నీ వడపోసి తేల్చారు. చదివింది పది శాతం, విన్నది ఇరవై, చేసింది తొంభై శాతం గుర్తుంటుందని ఉపాధ్యాయ శిక్షణల్లో చూపించే పిరమిడ్ ఇంకా ఘోరం. దాన్ని ఎడ్గార్ డేల్ పేరుతో చూపిస్తారు. 1946లో ఆయన గీసిన శంకువులో ఒక్క అంకె కూడా లేదు, ఆ శాతాలు ఎవరో తర్వాత తగిలించినవి. అనుభవం మీద నమ్మకం పెంచడానికి కట్టుకథ అవసరం లేదు. 2014లో సైన్స్, ఇంజనీరింగ్ తరగతుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఉపన్యాసం మాత్రమే విన్న విద్యార్థుల్లో దాదాపు 34 శాతం మంది కోర్సులో తప్పితే, తరగతిలో తామే చేస్తూ చర్చిస్తూ నేర్చుకున్నవారిలో తప్పినవారు 22 శాతమే. ఇది ఊహించిన అంకె కాదు.

అదే సమయంలో, ఏమీ చెప్పకుండా వదిలేస్తే కొత్తగా నేర్చుకునేవారు దారి తప్పుతారని కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో గట్టిగా వాదించారు. వాళ్ల వాదనలో బలముంది. పొలంబడి కూడా రైతును వదిలేయదు. పక్కపక్క మళ్లు, కత్తెర, జూ, కాగితం మీద రెండు వైపులు, ఇవన్నీ ఎవరో ముందే ఆలోచించి అమర్చినవే. ముగింపు మాత్రమే రైతుకు వదిలిపెట్టారు.

ఈ పద్ధతిలో మనకు బాగా దగ్గరైన ఉదాహరణ పురుగులది కాదు, నీటిది. రాయలసీమ, దక్షిణ తెలంగాణల్లో ఎక్కువచోట్ల భూగర్భజలం గ్రానైట్ రాతి పగుళ్లలో, దాని పైన శిథిలమైన పలచటి పొరలో నిలుస్తుంది. నిల్వ తక్కువ. ఈ ఏడు కురిసిన వానలో ఇంకినంతే ఈ ఏడు దక్కుతుంది. కానీ నీరు కంటికి కనబడదు. బోరు ఎండేదాకా అందులో ఎంత ఉందో తెలియదు, ఎండితే ఇంకో బోరు వేస్తారు. మళ్లీ అదే తప్పుడు పాఠం, కొత్త బోరు పడిన మొదటి ఏడాది నీళ్లొస్తాయి కదా.

2003 నుంచి కొన్నేళ్ల పాటు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో, ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులు తామే తమ నీటిని కొలిచారు. ఆంధ్రప్రదేశ్ రైతు నిర్వహణ భూగర్భజల పథకం అది. నంద్యాలకు చెందిన బర్డ్స్ సంస్థ ఇతర స్వచ్ఛంద సంస్థలను కలుపుకుని, ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిపింది. ఊళ్లో వర్షమాపకం రీడింగు రోజూ రాసేది రైతే. ఎంచుకున్న బావుల్లో టేపు దించి పదిహేను రోజులకోసారి నీటి మట్టం చూసేది రైతే. బోరు కింద డ్రమ్ము పెట్టి, స్టాప్‌వాచ్ పట్టుకుని, నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తోందో లెక్కకట్టేది కూడా రైతే. అంకెలన్నీ ఊళ్లో బోర్డు మీద ఉండేవి. ఖరీఫ్ ముగిశాక, ఒకే నీటి పరీవాహకం కింద ఉన్న ఊళ్లన్నీ కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసేవి. ఇంకిన నీరు ఇంత, రబీలో అందరూ వేయాలనుకున్న పంటలకు కావలసింది ఇంత, తరుగు ఇంత. వరి మానమని ఎవరూ ఆదేశించలేదు, జరిమానా లేదు. ప్రపంచ బ్యాంకు నిపుణుల అధ్యయనం ప్రకారం ఆ పరీవాహకాల్లో 42 శాతం వరుసగా మూడేళ్లు రబీలో నీరు తోడడాన్ని తగ్గించుకున్నాయి, మరో 51 శాతం మధ్యమధ్యలో తగ్గించుకున్నాయి. తర్వాత వచ్చిన పరిశీలనలు అంత ఉత్సాహంగా లేవు. నా దృష్టిలో, చట్టాలు చేసి కూడా ప్రభుత్వాలు అదుపు చేయలేని నీటి వాడకాన్ని టేపు, డ్రమ్ము కొంతైనా కదిలించాయంటే అది చిన్న విషయం కాదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు గ్రామాల్లో, పత్తి పొలంబడుల నేపథ్యంలో, 50 మంది మహిళా రైతులు ఒక పంటకాలమంతా మందు కొట్టిన ప్రతిసారీ తమకు, తమ ఇంటి మగవారికి ఏమైందో తామే నమోదు చేశారు. 2005లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో 323 సందర్భాలు నమోదైతే, వాటిలో దాదాపు 84 శాతం సార్లు విషప్రభావ లక్షణాలు కనిపించాయి. మందు కలపడం, ట్యాంకు నింపడం లాంటి ఆడవారి పనులు పంపు మోసే మగవారి పని అంత ప్రమాదకరమేనని తేలింది. అంతకుముందు తల తిరగడం, కళ్లు మండడం ఆ ఇళ్లలో మామూలే. రాసి, కూడితే తప్ప అది మందు చేసిన పని అని తెలియదు.

ఇక అసలు చేదు నిజం. 2004లో ఫెడర్, ముర్గై, క్విజాన్ అనే ఆర్థికవేత్తలు ఇండోనేషియా రైతుల లెక్కలు తీసి, క్షేత్ర పాఠశాలల వల్ల దిగుబడిలోగానీ మందుల వాడకంలోగానీ చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదన్నారు. దాని మీద చాలా వాదోపవాదాలు జరిగాయి. పదేళ్ల తర్వాత ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో, బడికి వెళ్లిన రైతుల దిగుబడి సగటున 13 శాతం పెరిగినట్టు తేలింది. కానీ ఒక విషయంలో ఇద్దరి మాటా ఒకటే. పక్క పొలం రైతుకు ఆ చదువు అందడం లేదు. చూసి నేర్చుకుంటారు, నోటి మాటగా పాకుతుంది అనుకున్న ఆశ ఫలించలేదు.

ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు. గట్టు అవతలి రైతుకు కనిపించేది మందు కొట్టని పొలం మాత్రమే. లెక్కపెట్టిన దుబ్బులు, కుండీలో మిగిలిన దోమలు, తక్కెడలో గింజలు అతనికి కనబడవు. 'సాలీళ్లున్నాయి, మందు అక్కర్లేదు' అని అన్న చెబితే, తమ్ముడికి అది ఒక సలహా. మందుల దుకాణంవాడి సలహా పక్కన ఇదొకటి. దోమ కనిపించిన రోజున భయం ఏ సలహా వింటుందో చెప్పనక్కర్లేదు.

పాకేవి వేరే ఉన్నాయి. 1990లలో వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో హియాంగ్, ఎస్కలాడా అనే పరిశోధకులు ఒకే ఒక్క మాటను రేడియో నాటకాలు, కరపత్రాల ద్వారా లక్షల మందికి చేర్చారు. విత్తాక నలభై రోజుల దాకా మందు కొట్టకండి, నమ్మకపోతే పొలంలో ఒక మూల వదిలి చూడండి అని. రైతులు పంటకు మందు కొట్టే సార్లు సగటున 3.4 నుంచి 1.6కు తగ్గాయి. ఒక్క వాక్యంలో ఇమిడే పాఠమైతే, దాన్ని సొంత మడిలో సులువుగా పరీక్షించుకునే వీలుంటే, రేడియో చాలు. ఏ వారం ఏ పరిస్థితి వస్తుందో చూసి తూచి నిర్ణయించే నేర్పు అలా ప్రయాణించదు. శిక్షణలు రూపొందించేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదే అనుకుంటాను, మనం ఇవ్వాల్సింది ఏ రకం పాఠం అని.

రెండో రకమైతే ఇండోనేషియాలో కనిపించిన దారి ఒకటుంది. బడి ముగించిన రైతుల్లో కొందరు తామే మరో పాతిక మందితో మరో బడి నడిపారు, మాటలతో కాదు, మళ్లీ నాటు నుంచి కోత దాకా. వాళ్లకు ముందు శిక్షణ పొందిన ఉద్యోగులు కూడా ఒక పంటకాలమంతా స్వయంగా వరి పండించాకే గట్టెక్కినవాళ్లు. దాన్ని కుదించి, రెండు రోజుల హాలు శిక్షణ ఇచ్చి పంపితే వాళ్లు గట్టు మీద నిలబడి ఉపన్యాసమే ఇస్తారు. వినేవారికి కూడా అదే హాయిగా ఉంటుంది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర విద్యార్థుల మీద 2019లో వచ్చిన అధ్యయనం ఇదే చూపింది. తామే లెక్కలు చేస్తూ నేర్చుకున్న తరగతిలో ఎక్కువ నేర్చుకున్నారు, కానీ చక్కటి ఉపన్యాసంలోనే ఎక్కువ నేర్చుకున్నామని భావించారు. కాబట్టి శిక్షణ ముగిశాక 'ఎలా ఉంది?' అని అడిగి నింపించే పత్రాలను నేను నమ్మను.

ఒక మండలంలో పొలంబడి నిజంగా నడిచిందా అని తెలుసుకోవాలంటే హాజరు పట్టీ, ఫొటోలు కాదు, ఆ పంటకాలంలో గీసిన కాగితాలు చూపించమని అడగాలి. వారం వారం కాగితం ఉండాలి. మొక్క పెరుగుతూ పోవాలి, పురుగుల అంకెలు పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. ఒక వారం వేసిన నిర్ణయం తర్వాతి వారం కొట్టేసి ఉండాలి. చేతిరాతలు నాలుగైదు రకాలుగా, బొమ్మలు వంకరటింకరగా ఉండాలి. అన్నీ ఒకే చక్కటి రాతలో, ఒకే రోజు గీసినట్టు ఉంటే, ఆ మండలంలో ఖర్చు రాసినన్ని బడులు మళ్లీ నడపాల్సిందే.